కుళాయి నీటిలోని విద్యుత్తు

హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా, నాగపూరు రహదారిపై మేడ్చలును, కరీంనగరు రహదారిపై శామీర్‌పేటయు గలవు. ఈ ప్రాంతమంతయు మిట్టభూమి. సముద్రమట్టమునకు 550 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. ఇచ్చట జీవనది లేదు. నేలక్రింద నున్నది గట్టి నల్లరాయి. పూర్వమిచ్చటి ప్రజలు చెరువులను, బావులను నమ్ముకొని జీవించిరి. నేడు అనేక గృహములలో కుళాయి త్రిప్పిన వచ్చునది గోదావరి నీరు. ఆ నది ఇచ్చటికి నూటయేబది కిలోమీటర్లకు పైబడిన దూరమున, ఎంతో పల్లమున ప్రవహించుచున్నది.

నీరు పల్లమెరుగునందురు. అట్టి నీటిని మిట్టకెక్కించినది విద్యుచ్ఛక్తి. కావున నీటి లెక్కయు, విద్యుత్తు లెక్కయు వేరువేరు కావు. గ్రామపాలన బాధ్యత వహించు పంచాయతీ సభ్యులు ఈ సంబంధమును చక్కగా గ్రహింపవలసి యున్నది.

ఎల్లంపల్లి నుండి ఘన్‌పూరు వరకు

రామగుండము సమీపమున గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము గలదు. దాని పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 148 మీటర్లు. అచ్చటి నుండి దినమునకు 172 మిలియను గాలనుల నీటిని, అనగా సుమారు 78 కోట్ల లీటర్లను, హైదరాబాదునకు తెచ్చు పథకము 2015వ సంవత్సరాంతమున ప్రారంభమైనది. ముర్మూరు వద్ద పంపులు నీటిని తోడును. మల్లారము వద్ద అది శుద్ధియగును. కొండపాక మీదుగా, మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతములోని ఘన్‌పూరు వద్దనున్న పెద్ద తొట్టికి చేరి, అచ్చటినుండి నగరమునకు పంపిణీ యగును.

బయలుదేరు చోటికిని చేరు చోటికిని ఎత్తులో తేడా నాలుగువందల మీటర్లకు తక్కువ కాదు. చార్మినారు మినారు ఎత్తు సుమారు 56 మీటర్లు. అట్టివి ఏడు ఒకదానిపై నొకటి నిలిపినంత ఎత్తునకు ఆ నీటిని ప్రతిదినము, రాత్రింబగళ్ళు ఎక్కింపవలసి యున్నది.

ఒక యూనిటు చేయగల పని

దీని వ్యయమును లెక్కించుట కష్టము కాదు. వేయి లీటర్ల నీరు ఒక టన్ను బరువు. ఏ నష్టమును లేనిచో ఒక యూనిటు విద్యుత్తు వేయి లీటర్లను 367 మీటర్ల ఎత్తునకు చేర్చగలదు. అనగా గోదావరి నుండి మేడ్చలు చేరిన ప్రతి వేయి లీటర్లకును ఒక యూనిటుకు పైగా వ్యయమగుచున్నది. పంపులలోను, గొట్టములలోను పోవు శక్తిని కూడ కలిపిన ఇంచుమించు ఒకటిన్నర యూనిట్లగును.

ఒక గ్రామమున 3,000 మంది జనాభా యున్నదనుకొందము. మనిషికి దినమునకు 100 లీటర్ల చొప్పున 3 లక్షల లీటర్లు కావలెను. అందు పదియవ వంతు పగిలిన గొట్టముల వలనను, కట్టని కుళాయిల వలనను మోరీలపాలైన 30,000 లీటర్లు వ్యర్థమగును. ఆ నీరు ఇంత దూరము ఎక్కి వచ్చినదైనచో దినమునకు 45 యూనిట్లు, సంవత్సరమునకు 16,000 యూనిట్లకు పైగా మోరీలో పోసినట్లే. ఈ మొత్తము పంచాయతీ బిల్లులో కానరాకపోవచ్చును. అయినను ఏదో యొక ప్రజాధనపు ఖాతాలో అది తప్పక చేరును.

బోరుబావికిని ఇదే సూత్రము వర్తించును. 300 అడుగుల లోతునుండి వేయి లీటర్లు తోడుటకు, నష్టము లేనిచో, పావు యూనిటు చాలును. పాత మోటారైనచో అందుకు రెట్టింపు పట్టును. నీరు 600 అడుగులకు దిగిన వ్యయము మరల రెట్టింపగును. రాతినేలలో నీరు పై పొరలలోను, రాతి చీలికలలోను మాత్రమే నిలుచును. ఒకరు బోరు లోతు చేసిన పొరుగువాని బోరు ఎండును. అతడు మరింత లోతు చేయును. ఈ పోటీలో గెలిచినవారు లేరు.

విద్యుత్తు ఎచ్చటిది?

గోదావరి నీటిని ఎత్తు పంపులకు సమీపముననే రామగుండమున జాతీయ తాపవిద్యుత్ సంస్థవారి 2,600 మెగావాట్ల కేంద్రము గలదు. దాని మొదటి యూనిటు 1983లో పనిచేయ నారంభించెను. ఈ కేంద్రము త్రాగునదియు గోదావరి నీరే. అనగా ఒకే నది మనకు దాహము తీర్చుచున్నది, దీపమును వెలిగించుచున్నది. నది ఎండిన రెండింటికిని కష్టమే.

అయినను ఫలానా దీపమునకు ఫలానా కేంద్రము నుండియే విద్యుత్తు వచ్చునని చెప్ప వీలులేదు. ఉత్పత్తియైన విద్యుత్తంతయు గ్రిడ్డు అను ఒకే వలలో కలియును. 400 కిలోవోల్టుల పెద్ద తీగెల నుండి 220, 132, 33, 11 కిలోవోల్టులకు మెట్టుమెట్టుగా దిగి, గ్రామపు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా ఇంటికి చేరును. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల తీగె ద్వారా దక్షిణ గ్రిడ్డు తక్కిన దేశపు గ్రిడ్డుతో కలిసినది. అప్పటినుండి దేశమంతయు ఒకే వల.

ఈ వలలోని యంత్రములన్నియు ఒకే కాడికి కట్టిన ఎడ్లవలె అడుగు కలిపి నడువవలెను. సెకనుకు 50 ఆవృత్తులు అను వేగము నిలువవలెను. వాడకము హెచ్చి ఉత్పత్తి చాలకపోయిన వేగము తగ్గును. మితిమీరిన వలయే తెగును. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతమున అట్లే జరిగినది. రెండవ దినమున తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడ కూలి, సుమారు 60 కోట్ల మంది నివసించు ప్రాంతము చీకటిపాలైనది. పండించిన ధాన్యమును గాదెలో పోసినట్లు విద్యుత్తును విరివిగా దాచుట నేటికిని కష్టమే. కావున ఎంత వాడుచున్నామో అనునదియే కాక, ఏ వేళ వాడుచున్నామో అనునదియు ముఖ్యము.

ఇతర దేశముల అనుభవము

ప్రకృతి ఇచ్చినదానినిబట్టి ఆయా దేశములు శక్తిని పొందుచున్నవి. నార్వే తన విద్యుత్తులో అత్యధిక భాగమును జలశక్తి నుండియే పొందుచున్నది. ఐస్‌లాండు భూగర్భపు వేడిని కూడ వాడుకొనుచున్నది. ఫ్రాన్సున మూడింట రెండు వంతులు అణుశక్తి. చైనాలోని త్రీ గార్జెస్ ఆనకట్ట 22,500 మెగావాట్ల సామర్థ్యముతో ప్రపంచమున పెద్దది. మన దేశమున నూటికి సుమారు డెబ్బది వంతుల విద్యుత్తు నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది.

మిట్టకు నీరెక్కించు కష్టము మనకొక్కరికే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఎడ్మన్‌స్టన్ పంపుల కేంద్రము నీటిని 1,926 అడుగుల ఎత్తునకు ఎక్కించి దక్షిణ నగరములకు పంపుచున్నది. ఆ జలపథకమే ఆ రాష్ట్రమున అందరికన్న ఎక్కువ విద్యుత్తు వాడునది. ఇజ్రాయెల్ సముద్రజలమును మంచినీరుగా మార్చుకొనుచున్నది. ఆ పద్ధతిలో వేయి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్లు వ్యయమగును. ధనము, యంత్రములు గల దేశములకును దూరపు నీరు చవుక కాదని దీనివలన తెలియుచున్నది.

యూనిటు ఖర్చులేని నీరు

అన్నిటికన్న చవుకైన నీరు మన ఊరి చెరువులోనిది. శామీర్‌పేట పెద్దచెరువు వంటి చెరువులలో వానయే నీటిని నింపును. తూము ఎత్తిన అది తనంతట తాను పొలమునకు పారును. కట్ట క్రింది బావులలో ఊటయు నిలుచును. ఈ పనిలో ఒక్క యూనిటు ఖర్చు లేదు. ఈ మేలును గుర్తించియే రాష్ట్రములోని 46,000కు పైబడిన చెరువుల పునరుద్ధరణకై 2015లో మిషన్ కాకతీయ ప్రారంభింపబడినది.

అయితే నగరము పెరిగిన కొలది చెరువునకు ముప్పు హెచ్చును. మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతపు గ్రామములనేకము ఇటీవలి సంవత్సరములలో నగరపాలనలో చేరినవి. పొలములు ప్లాట్లగునప్పుడు మొదట మూసుకొనిపోవునది చెరువునకు నీరు తెచ్చు కాలువ. తరువాత శిఖము భూమి ఆక్రమణకు గురియగును. ఒక చెరువు పోయిన, అది ఇచ్చిన నీటికి మారుగా అంత నీటిని ఎచ్చటినుండియో విద్యుత్తుతో ఎత్తి తేవలెను. అది ఒక్క ఏడాది ఖర్చు కాదు, ఎల్లకాలపు ఖర్చు. పట్టణముల చేరువనున్న తక్కిన జిల్లాల గ్రామములకు ఇది ముందే గమనింపదగిన సంగతి.

పంచాయతీల కర్తవ్యము

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో త్రాగునీరు, చిన్న నీటిపారుదల, గ్రామ విద్యుదీకరణ, సంప్రదాయేతర ఇంధనములు చేరియున్నవి. కావున ఈ క్రింది పనులు పంచాయతీలు శ్రద్ధతో చేయదగినవి.

మొదటిది: చెరువు పూర్తి నీటిమట్టపు హద్దులను రెవిన్యూ, నీటిపారుదల శాఖలచే గుర్తింపించి రాళ్ళు పాతించుట, వానాకాలమునకు ముందే కాలువలు, అలుగు, తూము బాగుచేయించుట.

రెండవది: 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి లేని క్రొత్త బోర్లు పడకుండ చూచుట. త్రాగునీటి బోరునకు సమీపమున మరియొక బోరు పడిన ఊరంతయు దప్పిగొనును.

మూడవది: మంచినీటి మోటారునకు కెపాసిటరు అమర్చుట, నిండగానే మోటారు ఆగునట్లు ఏర్పాటుచేయుట, కారు గొట్టములను వెంటనే బాగుచేయించుట. సాయంకాలము వాడకము మిక్కుటముగా నుండును. సూర్యశక్తి సమృద్ధిగా నుండు మధ్యాహ్న వేళ తొట్టి నింపుకొనుట మేలు.

నాలుగవది: వ్యవసాయ మోటార్లకు ఆటో స్టార్టర్లు తీసివేయునట్లు రైతులకు నచ్చజెప్పుట. వ్యవసాయమునకు 2018 జనవరి 1 నుండి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. విద్యుత్తు ఉచితమైనను నేలలోని నీరు అపరిమితము కాదు. కరెంటు రాగానే అందరి మోటార్లు ఒక్కసారిగా తిరిగిన ట్రాన్స్‌ఫార్మరు కాలును. మోటారు ఆపువారు లేక మడి నిండి పొర్లును.

వీనిలో ఏ యొక్కటియు పెద్ద నిధులు కోరు పని కాదు. గ్రామసభలో ఒక తీర్మానము, దానిని అమలుపరచు పట్టుదల కావలెను. గోదావరి ఎన్ని మెట్లెక్కి వచ్చినను, మన చెరువు మనకున్నచో ఆ మెట్లలో కొన్ని తగ్గును. ఊరి చెరువును కాపాడుకొనిన పంచాయతీ నీటిని మాత్రమే కాక విద్యుత్తును కూడ కాపాడినదగును.