మూయాల్సిన బఫర్లు, ముట్టుకోకూడని బఫర్లు

ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైలు తెరిస్తే దానిలోని పాఠం మెమరీలోకి వస్తుంది. దాన్నే బఫర్ అంటారు. తెర మీద నుంచి తప్పించినా అది పోదు, వెనక అలాగే ఉంటుంది. కోసిగిలో ఇంటి దగ్గరే కూర్చుని, ఆదోని యార్డు పత్తి ధరల మీద చిన్న ప్రోగ్రాం రాసుకునే డిగ్రీ విద్యార్థి ఉన్నాడనుకోండి. నాలుగు రోజులు ఎడిటర్ మూయకుండా పనిచేస్తే బఫర్ల జాబితాలో ధరల ఫైలు, ప్రోగ్రాం, ఎప్పుడో చూసిన హెల్ప్ పేజీలు, పాత తప్పుల చిట్టాలు అన్నీ పోగుపడతాయి. పాఠానికి మెమరీ పెద్దగా పట్టదు. కావాల్సింది వెతుక్కోవడమే అసలు తంటా.

రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమ్యాక్స్‌లో చాలా భాగం లిస్ప్ భాషలోనే ఉంటుంది. కాబట్టి దాని తీరును వాడేవాళ్లే మార్చుకోవచ్చు. దానితోపాటే వచ్చే ‘మిడ్‌నైట్’ అనే ప్యాకేజీ ఇలా పోగుపడ్డ బఫర్లను ఊడ్చే పని చేస్తుంది. మనం దాన్ని ఆన్ చేసుకుంటే, రోజూ అర్ధరాత్రి దాటాక జాబితా మొత్తం చూసి, మూడు రోజులుగా తెర మీదికి రాని బఫర్లను మూసేస్తుంది. హెల్ప్ లాంటివాటికి గంటే గడువు. తెర మీద కనబడుతున్నవాటిని, లోపల ప్రోగ్రాం నడుస్తున్నవాటిని, మార్చి సేవ్ చేయని ఫైళ్లను ముట్టుకోదు.

ప్రమాదమల్లా ఫైలే లేని బఫర్‌తో. మనవాడు ‘లెక్కలు’ అని కొత్త బఫర్ తెరిచి, సేవ్ చేయకుండా నాలుగు అంకెలు రాసుకున్నాడు. దాని వెనక ఫైలు లేదు గనక, మూసేటప్పుడు “సేవ్ చేయాలా?” అని ఈమ్యాక్స్ అడగదు. మూడు రోజులు అటు చూడకపోతే అంకెలు గల్లంతు. చిత్తుపనికి మొదటి నుంచీ ఉండే ‘స్క్రాచ్’ బఫర్‌ను మిడ్‌నైట్ వదిలేస్తుంది, దాని పేరు మినహాయింపుల జాబితాలో ముందే ఉంది. ‘లెక్కలు’ను కూడా అందులో చేర్చుకోవచ్చు. కానీ ఆ జాబితా మిడ్‌నైట్‌కే. పొరపాటున మనమే మూసేస్తే అది అడ్డుపడదు.

ఆ పొరపాటును ఆపడానికి ‘కిల్-బఫర్-క్వెరీ-ఫంక్షన్స్’ అనే మరో జాబితా ఉంది. బఫర్ మూసే ముందు ఈమ్యాక్స్ ఇందులోని ఫంక్షన్లను పిలుస్తుంది. ఒక్కటి ‘నిల్’, అంటే ‘కాదు’, అన్నా మూయడం ఆగిపోతుంది. పేరు ‘లెక్కలు’ అయితే దాన్ని బఫర్ల జాబితా అడుక్కి తోసి ‘నిల్’ అనే ఫంక్షన్ రాస్తే చాలు. మనం మూసినా, మిడ్‌నైట్ మూసినా ఇదే కాపలా. అయితే ఆ ఫంక్షన్ “అవునా, కాదా” అని మనల్ని అడిగేలా మాత్రం రాయకండి. అర్ధరాత్రి జవాబు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, మిగతా ఊడ్పంతా అక్కడే నిలిచిపోతుంది.