డబ్బు కట్టినాం, కారేదీ?



ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. ఆదోని దగ్గర ఒక పల్లె. వానలు లేక సేద్యం దెబ్బతినింది. కొడుక్కు డ్రైవింగు వచ్చు. కారు కొని బాడుగకు తిప్పుకుంటానన్నాడు. తల్లి డ్వాక్రా సంఘంలో అప్పు తీసింది. మిగతా డబ్బు బ్యాంకు ఇచ్చింది. కర్నూలు షోరూములో మొత్తం కట్టినారు.

"పదిహేను దినాల్లో బండి వస్తాదమ్మా" అన్నారు. రెండు నెలలైంది.

"ఏం సార్, మా బండి యాడుంది?"

"కంపెనీ నుంచి రాలేదమ్మా. వచ్చే వారం రండి."

బండి రాలేదు. బ్యాంకు కంతు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆ తల్లీకొడుకులు ఏం చేయాల?

ముందు ఆర్డరు ఫారం తీసి చదవాల. బండి ఇచ్చే తేదీ రాసి ఉందా? నోటిమాటను రేపు కాదనవచ్చు. రాసిన తేదీని కాదనలేరు. అందుకే డబ్బు కట్టకముందే తేదీ రాయించుకోవాల. ధర సంగతి కూడా చదవాల. "బండి ఇచ్చే రోజున ఉన్న ధర" అని ఉంటే, ఆలస్యమైతే ధర పెరగవచ్చు.

తేదీ రాయలేదా? అయినా భయపడొద్దు. తగిన గడువులో సరుకు ఇవ్వాల్సిందే. లేదంటే డబ్బు తిరిగి ఇవ్వాల.

ఒకప్పుడు మన దేశంలో స్కూటరు కోసం కూడా ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు. అడిగే దిక్కు లేదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జులై 20 నుంచి అమలులో ఉంది. డబ్బు తీసుకుని చెప్పినట్టు చేయకపోవడం సేవాలోపం. ఈ చట్టం కింద దాన్ని ప్రశ్నించవచ్చు.

ఎట్లా అడగాల?

ఒకటి: షోరూముకు ఉత్తరం రాయండి. ఎప్పుడు ఎంత కట్టినారో రాయండి. ఫలానా తేదీలోగా బండి ఇవ్వండి, లేదా డబ్బు ఇవ్వండి అని అడగండి. స్పీడు పోస్టులో పంపండి. నకలు, పోస్టాఫీసు రసీదు దాచుకోండి.

రెండు: జవాబు రాకపోతే 1915కు ఫోను చేయండి. ఇది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు.

మూడు: జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయండి. కర్నూలులో ఉంది, కడపలో ఉంది. షోరూము బెంగుళూరులో ఉన్నా సరే, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. 5 లక్షలు దాటి 10 లక్షల దాకా అయితే 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. ఆడవాళ్లు తమ పేరుతో ఫిర్యాదు చేస్తే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. దీనికి ఆదాయంతో పని లేదు.

గడువు మరవొద్దు. సమస్య వచ్చిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాల.

తప్పు రుజువైతే డబ్బు వాపసు, వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు ఇమ్మని కమిషను చెప్పవచ్చు.

ఇంకో మాట. బాడుగ బండికి ఈ చట్టం వర్తిస్తుందా? కొన్నవాడే తోలుకుని బతికితే వర్తిస్తుంది. జీతగాళ్లను పెట్టి లాభానికి బండ్లు తిప్పితే వర్తించదు. మన కథలో కారు కొడుకు పేరు మీద ఉంది, తోలేదీ అతనే. కాబట్టి ఫిర్యాదు అతని పేరుతోనే చేయాల.

చివరిగా ఒక జాగ్రత్త. కారు చేతికి రాకముందే "బండి అందినది" అనే కాగితం ముందుపెట్టి సంతకం అడగవచ్చు. పెట్టొద్దు. వేలిముద్ర వేసే రోజుల్లో ఆ కాగితంలో ఏముందో మనకు తెలియదు. ఇప్పుడు మనకు చదువు వచ్చు. చదవండి. తర్వాతే సంతకం.