రూపచౌర్యము: ఒక కారు కథ

2014వ సంవత్సరము నవంబరు నెలలో చైనా దేశమునందలి గ్వాంగ్‌జౌ నగరమున మోటారు వాహనముల ప్రదర్శన జరిగినది. అచ్చట ల్యాండ్‌విండ్ అను సంస్థవారు ఎక్స్ 7 అను పేర ఒక క్రొత్త కారును ప్రజల ముందుంచిరి. కార్ల సంగతి కొంచెమైనను తెలిసినవారికి దానిని చూచినంతనే ఇంగ్లండులో తయారగు రేంజ్ రోవర్ ఇవోక్ జ్ఞప్తికి రాక మానలేదు. వెనుకకు పోనుపోను క్రిందికి వాలు పైకప్పు, అదే దిక్కునకు పోనుపోను పైకి లేచు కిటికీల అంచు, ఆ రెంటి నడుమ క్రమముగా సన్నగిల్లు అద్దము, నల్లని కంబముల వలన పైకప్పు గాలిలో తేలుచున్నదా అనిపించు భ్రాంతి, ఇట్లు ఇవోక్ లక్షణములుగా పేరొందినవన్నియు ఇందును కన్పట్టినవి. పెద్ద భేదము ధరయందే. ఇది అసలు కారు ధరలో సుమారు మూడవవంతు. కొందఱు కొనుగోలుదారులు ల్యాండ్‌విండ్ అక్షరములను ఊడబెఱికి, వాని స్థానమున రేంజ్ రోవర్ అక్షరములను అతికించుకొనిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి.

ఇవోక్ రూపము ఒక్కనాట పుట్టినది కాదు. 2008 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ ప్రదర్శనయందు ఎల్ఆర్ఎక్స్ అను నమూనాగా అది తొలుత కనబడినది. ఆ యేడాది జూన్ నెలలోనే మన దేశపు టాటావారు జాగ్వార్, ల్యాండ్ రోవర్ సంస్థలను ఫోర్డువారి నుండి కొనిరి. జెర్రీ మెక్‌గవర్న్ నాయకత్వమున రూపశిల్పులు తీర్చిన ఆ నమూనా, 2011లో లివర్‌పూల్ చేరువనున్న హేల్‌వుడ్ కర్మాగారము నుండి అమ్మకపు కారుగా వెలువడ నారంభించినది.

కారునకు రూపమిచ్చువారి పని శిల్పి పనికి మిక్కిలి దగ్గఱది. మొదట కాగితముపై గీతలు, పిమ్మట మట్టి. జనరల్ మోటార్సు సంస్థలో 1927లో రూపకల్పనకై ప్రత్యేకశాఖ నేర్పఱచినపుడు హార్లీ ఎర్ల్ ప్రచారములోనికి తెచ్చిన ఈ మట్టి నమూనా పద్ధతి, కంప్యూటర్లు వచ్చిన పిదప కూడ అంతరింపలేదు. నిలువెత్తు మట్టికారును చెక్కి, దానిపై వెలుగు ఎట్లు జాఱుచున్నదో చూచి, ఒక వంపును వెండ్రుకవాసి సవరించి, మరల చూతురు. తరువాత పరీక్షకై రోడ్డెక్కు కార్లకు నలుపు తెలుపు సుడుల పొరలను అంటింతురు. అసలు వంపులు ఎవరి కంటను పడకుండుటకే ఆ వేషము. ఇంత కాపలా కాచిన రూపము, ప్రదర్శనశాలలో తెర తొలగిన మఱుక్షణము లోకమంతటి కంటబడును. చిక్కు అచ్చటనే మొదలగును.

పోలిక కనబడినంతనే చౌర్యమనుట న్యాయము కాదు. ఈ సమస్యను మన ప్రాచీనాలంకారికులు కావ్యవిషయమున ఎన్నడో ఎదుర్కొనిరి. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమునందుండిన ఆనందవర్ధనుడు తన ధ్వన్యాలోకములో కావ్యముల నడుమ గల పోలికను మూడు తెఱగులుగా విభజించెను. ఒకటి అద్దమునందలి ప్రతిబింబము వంటిది. రెండవది చిత్తరువు వంటిది. మూడవది ఇరువురు మనుష్యుల దేహములకు గల సామ్యము వంటిది. మొదటి రెండును కవి విడువదగినవి. మూడవది దోషము కాదు. ఇరువురికిని కన్నులు, ముక్కు, చెవులు ఉండుట సహజము; ఎవరి ప్రాణము వారిదిగా నుండిన చాలును. తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ హరణవిషయమునకు ప్రత్యేకాధ్యాయములనే కేటాయించెను. కార్ల వ్యాజ్యములు విచారించు న్యాయమూర్తులు ఈ గ్రంథములను చూచియుండరు. కాని వారు తేల్చవలసిన ప్రశ్న అదియే. నాలుగు చక్రములు, గాలి నాపు ముందటి అద్దము, దీపములు ఏ కారునకైనను తప్పవు. వానిపై ఎవరికిని ప్రత్యేకాధికారము లేదు. పరీక్షాపత్రములు దిద్దు ఉపాధ్యాయునకు ఈ వివేకము అలవాటే. రెండు పత్రములలో సరియైన సమాధానము ఒకటిగా నున్నచో ఆయన శంకింపడు. ఒకే తప్పు, ఒకే చోట, ఒకే మాటలలో కనబడినచో ఆయన కలము ఆగును.

రూపమును కాపాడుకొనుటకు చట్టము చూపు మొదటి త్రోవ రిజిస్ట్రేషను. చైనాలో దీనిని డిజైను పేటెంటు అందురు. దీనికి ప్రాణము క్రొత్తదనము. దరఖాస్తు నాటికి ఆ రూపము లోకమునకు తెలియనిదై యుండవలెను. తెలిసినచో, తెలిపినవాడు దాని కర్తయే ఐనను, క్రొత్తదనము పోయినట్లే. ఐరోపాలో కర్తకు ఒక సంవత్సరము గడువు కలదు. ఆనాటి చైనా చట్టములో మాత్రము కొన్ని ప్రత్యేక సందర్భములకు తప్ప అట్టి సడలింపు లేదు. ఇవోక్‌ను 2010 డిసెంబరులోనే గ్వాంగ్‌జౌ ప్రదర్శనయందు చూపిరి. చైనాలో పేటెంటునకు దరఖాస్తు చేసినది 2011 నవంబరులో! ఇంత పెద్ద సంస్థ, ఇంతమంది న్యాయవాదులను పెట్టుకొని, ఈ చిన్న తారీఖు సంగతి ఎట్లు మఱచినదో ఆశ్చర్యము. ఎక్స్ 7ను తయారు చేయు జియాంగ్‌లింగ్ పక్షమువారు 2013లో దరఖాస్తు చేసి తమ కారు రూపమునకు పేటెంటు పొందియుండిరి. వివాదము పేటెంటు అధికారుల ముందునకు రాగా వారు 2016లో రెంటిని రద్దు చేసిరి. ఇవోక్ పేటెంటు ముందే బయటపడిన రూపమునకు ఇచ్చినది కనుక చెల్లలేదు; ఎక్స్ 7 పేటెంటు ఇవోక్‌కు అతిసమీపమైన రూపమునకు ఇచ్చినది కనుక చెల్లలేదు. అనగా పోలికను అధికారులే ఒప్పుకొనిరి. ఐనను దానిని ఆపుటకు వలసిన పేటెంటు ఇవోక్ కర్తల చేత మిగులలేదు.

అంతకుముందు చైనాలో విదేశీ సంస్థల అనుభవము ఆశాజనకముగా లేదు. 2008లో ఇటలీయందలి ట్యూరిన్ న్యాయస్థానము, గ్రేట్ వాల్ సంస్థవారి పెరి అను చిన్న కారు ఫియట్ పాండాకు అనుకరణమని తేల్చి ఐరోపాలోనికి దాని దిగుమతిని నిషేధించినది. అదే వాదమును చైనా న్యాయస్థానము త్రోసిపుచ్చినది. హోండా కథ ఇంకను విచిత్రము. తమ సిఆర్-వి కారును షువాంగ్‌హువాన్ సంస్థ అనుకరించినదని 2003లో హోండావారు హెచ్చరిక లేఖలు పంపిరి. వారి పేటెంటు 2006లో రద్దయి, 2010లో సుప్రీం ప్రజాన్యాయస్థానమున మరల నిలిచినది. ఈ జాతి కార్లన్నిటికిని మొత్తపు ఆకారము ఇంచుమించు ఒకటియే గనుక, కొనువాడు దీపములు, ముందటి జల్లెడ, కిటికీల మూలలు మొదలగు వివరములనే ఎక్కువగా గమనించునని ఆ న్యాయస్థానము వివరించినది. పేటెంటు నిలుచుటకు సాయపడిన ఆ మాటయే అనుకరణమును ఋజువు చేయుటకు అడ్డమైనది. చిన్న భేదములు గూడ భేదములే యగును గదా! 2015 డిసెంబరులో తుదితీర్పు వచ్చినది. హెచ్చరిక లేఖల వలన నష్టము కలిగించినందుకు హోండావారే ప్రతిపక్షమునకు 1 కోటి 60 లక్షల యువాన్లు చెల్లింపవలసి వచ్చినది.

ఇట్టి వాతావరణమున జాగ్వార్ ల్యాండ్ రోవర్‌వారు 2016లో బీజింగు నగరపు చావోయాంగ్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. పేటెంటు దారి మూసికొనిపోయినది గనుక కాపీరైటును, అధర్మపోటీని నిషేధించు చట్టమును ఆశ్రయించిరి. 2019 మార్చిలో తీర్పు వెలువడినది. ఇవోక్‌కు విశిష్టములైన ఐదు లక్షణములను ఎక్స్ 7 నేరుగా గ్రహించినదనియు, దాని వలన కొనుగోలుదారులు భ్రమపడిరనియు, ఇది అధర్మపోటీయే యనియు న్యాయస్థానము నిర్ణయించి, ఆ కారు తయారీని, అమ్మకమును వెంటనే ఆపుమని, నష్టపరిహారము చెల్లింపుమని ఆజ్ఞాపించినది. చైనాలో విదేశీ కారు సంస్థలకు ఇది అరుదైన జయము. కాని 2018 నవంబరులోనే రెండవ తరపు ఇవోక్‌ను లోకమునకు చూపియుండిరి. తీర్పు వచ్చునాటికి తగవులాడిన రూపము కర్తల దృష్టిలోనే పాతబడినది.

అనుకరణమువారి పక్షమున ఒక మాట వినబడుచుండును: ధనికుల కారును సామాన్యునకు అందించినారు, తప్పేమి? ధర తగ్గుటకు ఇంజను, లోహము, జీతములు మొదలైన కారణములెన్నియో ఉండును. వానిని ఎవరును తప్పుపట్టలేదు. చౌకకారునకు చౌకయైన స్వంత ముఖము ఉండవచ్చును. వ్యాజ్యము నడచినది ముఖమును గూర్చియే. అట్లని కర్తకు శాశ్వతాధికారము నిచ్చుటయు తగదు. చైనాలో పదేండ్లుగా నున్న డిజైను పేటెంటు గడువును 2021లో పదునైదేండ్లకు పెంచిరి. మన దేశమున పదేండ్లు, పిమ్మట ఇంకొక ఐదేండ్లు. గడువు తీరిన రూపము అందఱిది.

మన చట్టము 2000వ సంవత్సరపు డిజైన్ల చట్టము. 1911 నాటి పాతచట్టమునకు బదులుగా వచ్చినది. దీనియందును దరఖాస్తునకు ముందు ఈ దేశముననే గాక మఱియే దేశముననైనను బయటపడిన రూపము రిజిస్ట్రేషనునకు తగదు. ప్రభుత్వము గుర్తించిన ప్రదర్శనలకు మాత్రము, ముందుగా తెలియజేసి ఆఱు నెలలలో దరఖాస్తు పెట్టువారికి, మినహాయింపు కలదు. కేవలము యంత్రము పనికై ఏర్పడిన ఆకారమునకు రక్షణ లేదు. కంటికి ఇంపైన ఆకృతికే. రిజిస్టరు చేయదగిన రూపమును రిజిస్టరు చేయింపక, యంత్రముపై యాబది ప్రతులకు మించి తయారు చేసినచో దానిపై కాపీరైటును పోవును. కార్లకే కాదు, చిన్న పరిశ్రమ నడుపు ప్రతివానికి తెలియవలసిన సంగతి ఇది, తెలిసినవారు కొలదిమంది.

భారతీయుల యాజమాన్యమునందలి సంస్థ చైనాలో వాదిగా నిలిచిన కాలముననే ఇంకొక భారతీయ సంస్థ అమెరికాలో ప్రతివాదిగా నిలిచినది. మహీంద్రావారు 1940ల చివరలో విల్లీస్ సంస్థ అనుమతితో జీపులను కూర్చుటతో ఈ రంగమున అడుగిడినవారు. 2018లో వారు మిషిగన్ రాష్ట్రమున రాక్సర్ అను బండిని విడుదల చేసిరి. అది రహదారులకు గాక పొలములకు, అడవిబాటలకు ఉద్దేశించినది. జీపు హక్కుదారులైన ఫియట్ క్రైస్లర్‌వారు అదే యేడు అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషను ఎదుట ఫిర్యాదు చేసిరి. ఈ వాదమునకు ఆధారము పేటెంటు కాదు, ట్రేడ్ డ్రెస్. ఏండ్ల తరబడి చూచిన జనులు ఒక రూపమును చూచినంతనే దాని తయారీదారుని గుర్తింతురు గనుక కలుగు హక్కు అది. పేటెంటునకు వలె దానికి నియతమైన గడువు లేదు. పెట్టెవంటి శరీరము, చదునైన ప్రక్కలు, బానెట్టునకు బయట కనబడు కొక్కెములు మొదలైనవి జీపు ముద్రలుగా వాదమునకు వచ్చినవి. 2020 జూన్‌లో రాక్సర్‌పై నిషేధము పడినది. మహీంద్రావారు బండి రూపమును మార్చిరి. మార్చిన రూపమునకు నిషేధము వర్తింపదని 2020 డిసెంబరులో కమిషను అంగీకరించినది. తగవు అంతటితో తీరలేదు. ఒకసారి హద్దు దాటినట్లు తేలినవాడు తిరిగి వచ్చునపుడు ఆ హద్దునకు ఆనుకొని గాక క్షేమమైన దూరమున నిలువవలెనను సూత్రమును క్రింది న్యాయస్థానము లెక్కలోనికి తీసికొనలేదని, 2022 సెప్టెంబరులో అప్పీలు న్యాయస్థానము ఆ విషయమును మరల విచారణకు తిప్పిపంపినది.