పింగాణీ అడుగున ఆరు అక్షరాలు

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకూ బనగానపల్లె మామిడికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఊరి పేరు చెబుతుంది కానీ ఉలి పట్టిన శిల్పి పేరు చెప్పదు. పాత చైనా పింగాణీ అడుగున కనిపించే ముద్ర కూడా అలాంటిదే. గిన్నెను బోర్లించి చూసి, ఆ నీలి అక్షరాలు కుమ్మరి సంతకమని చాలామంది అనుకుంటారు. చాలావరకు అవి చక్రవర్తి పాలనాకాలం పేరు. చేసినవారి పేరు రాయాలన్నా ఎవరి పేరని రాస్తారు? పింగాణీకి పుట్టినిల్లయిన జింగ్‌దెజెన్ బట్టీల గురించి 1712లో ఉత్తరం రాసిన ఫ్రెంచి మతగురువు దాంత్రకోల్, ఒక్కో పాత్ర డెబ్బై మంది చేతుల మీదుగా వెళుతుందని చెప్పాడు.

ముద్ర చదవడం నేర్చుకోవచ్చు. సాధారణంగా ఆరు అక్షరాలు, మూడేసి చొప్పున రెండు నిలువు వరుసల్లో ఉంటాయి. కుడి వరుసను పైనుంచి కిందికి చదివి, తర్వాత ఎడమ వరుసకు రావాలి. మొదటి రెండూ వంశం పేరు: మహా మింగ్, లేదా మహా చింగ్. తర్వాతి రెండూ పాలనాకాలం. చివరి రెండూ ‘కాలంలో చేసినది’ అని చెబుతాయి. నాలుగే ఉంటే వంశం పేరు వదిలేశారన్నమాట. చియెన్‌లుంగ్ కాలానికి (1736–95) వచ్చేసరికి అక్షరాలు చతురస్రపు రాజముద్రల లిపిలోకి మారడం ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు చిక్కు చదివిన తర్వాతే మొదలవుతుంది.

కాంగ్‌షీ కాలపు (1662–1722) పనివాళ్లు తమ పాత్రల మీద రెండు వందల ఏళ్ల వెనకటి చెంగ్‌హువా (1465–87), షువాన్‌దె (1426–35) ముద్రలు ధారాళంగా వేశారు. అందులో మోసం కంటే పాత కాలపు పనితనం మీద గౌరవమే ఎక్కువ. పైగా 1677లో జింగ్‌దెజెన్ అధికారి ఒకరు చక్రవర్తి పేరు పాత్రల మీద రాయవద్దని ఉత్తర్వు ఇచ్చాడు. పాత్ర పగిలితే ఆ పేరు చెత్తలో పడుతుందని భయం. దాంతో ఆ కాలపు పాత్రల్లో కొన్నిటి అడుగున రెండు నీలి వలయాలు మాత్రమే ఉంటాయి, లోపల ఖాళీ. కొన్నిటిలో ఆకో తామరపువ్వో ఉంటుంది. ‘చైనా’ అని రోమన్ అక్షరాల్లో ఉంటే మాత్రం పని కొంత తేలిక. దిగుమతి సరుకుపై తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం 1891లో అమలుకు వచ్చింది కాబట్టి, అలాంటి పాత్ర సాధారణంగా ఆ తర్వాతిదే.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముద్రను చివర్లో చూస్తారు. ముందు వేలు పెట్టేది పాత్ర నిలబడే అంచు మీద. బట్టీలో కిందికి అతుక్కుపోకుండా అక్కడి మెరుగు తుడిచేస్తారు కాబట్టి లోపలి మట్టి బయటపడేది అక్కడే. మట్టిలో ఇనుము ఉంటే మెరుగు ఆగిన చోట సన్నని నారింజ రంగు గీత ఏర్పడుతుంది. తర్వాత నీలిరంగు. అది కోబాల్ట్. మింగ్ తొలినాళ్లలో పశ్చిమాసియా నుంచి తెప్పించిన ఖనిజంలో ఇనుము ఎక్కువ, మాంగనీస్ తక్కువ. చైనాలో దొరికే ఖనిజంలో మాంగనీస్ ఎక్కువ. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరం పాత్రకు గీత కూడా పడకుండా ఈ రెండిటి నిష్పత్తి చెబుతుంది. ఇంకా అనుమానం ఉంటే మట్టిలోంచి చిటికెడు తొలిచి తీయాలి. ఆ మట్టిలోని స్ఫటిక రేణువులు చుట్టూ ఉండే సహజ రేడియోధార్మికత నుంచి శక్తిని దాచుకుంటూ వస్తాయి. బట్టీ వేడికి ఆ నిల్వ సున్నా అవుతుంది, మళ్లీ మొదటినుంచి పేరుకుంటుంది. ప్రయోగశాలలో వేడి చేస్తే అదంతా వెలుగుగా బయటికొస్తుంది. ఆ వెలుగును కొలిచి, ఏటా ఎంత శక్తి చేరుతుందో లెక్కగట్టి, పాత్ర కాలి ఎన్నేళ్లయిందో అంచనా వేస్తారు. ఖరీదైన పరీక్షే, కానీ రాసిన అక్షరం కంటే నమ్మదగిన సాక్ష్యం.

తెలుగు నేలకు ఈ పద్ధతి మరీ అవసరం. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లిలోనూ, నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలోనూ తవ్వకాల్లో చైనా పింగాణీ ముక్కలు దొరికాయి. కొత్తపట్నం ముక్కలను జపాన్ చరిత్రకారుడు నొబొరు కరాషిమా బృందం పరిశీలించింది. వాటిలో ముఖ్యమైనవి 13, 14 శతాబ్దాల నాటివి. పాలనాకాలపు ముద్రలు వేయడం 15వ శతాబ్దపు తొలినాళ్లలో గానీ స్థిరపడలేదు. కాబట్టి వాటి అడుగున అలాంటి ముద్ర కోసం వెతికి లాభం లేదు. మట్టి తెలుపు, మెరుగులోని ఆకుపచ్చ ఛాయ, అంచు కోసిన తీరు చూసే అవి ఏ బట్టీవో, ఏ కాలానివో తేల్చాలి.

పగలని పాత్రలను దగ్గరగా చూడాలనుకునే నంద్యాల పాఠకులు హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లవచ్చు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన చైనా పింగాణీ అక్కడ ఉంది. అందులో లేత ఆకుపచ్చ సెలడాన్ పాత్రలు కూడా ఉన్నాయి. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఈ రకం పళ్లెం పగిలిపోతుందని దక్కన్ దర్బారుల్లో నమ్మేవారు. కానీ ఆ మెరుగు గాజు లాంటి పొర, విషాన్ని పసిగట్టే గుణం దానికి లేదు. ఆ ఆకుపచ్చ మాత్రం కొద్దిపాటి ఇనుము వల్ల, బట్టీలో గాలి చాలకుండా కాల్చడం వల్ల వచ్చింది.