మధ్యరకపు స్మార్టుఫోను: పంచాయతీ పనికి ఎంతవరకు తగును?

గ్రామ పంచాయతీలకు నేడు ఫోను కూడ కార్యాలయపు సామగ్రిలో ఒకటియైనది. బీరువా గాని, మోటారు పంపు గాని కొనవలసినప్పుడు పదిమందిని విచారించి, నలుగురు వర్తకుల ధరలు తెలిసికొనిన తరువాతనే తీర్మానము చేయు సభ్యులు, ఫోను సంగతి వచ్చునప్పటికి పెట్టెమీది అంకెలు చూచియో, దుకాణదారుని మాట వినియో సరిపెట్టుకొనుట మేము చూచుచున్నాము. పంపు చెడినచో ఊరంతకు ఆ పూటనే తెలియును. ఫోను అట్లు చెడదు. అది మెల్లమెల్లగా పనికి తప్పును. ఒకనాడు తెర వెలుగు తగ్గును, మరియొకనాడు చిత్రము పోదు, ఇంకొకనాడు బ్యాంకు వారి సాఫ్టువేరు తెరచుకొనదు. అప్పటికి బిల్లు ఎక్కడ ఉన్నదో ఎవరికిని జ్ఞాపకముండదు.

ఇది చిన్న విషయము కాదు. మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద జరుగు పనులలో, కూలీల హాజరును స్థలపు గుర్తుతో కూడిన ఛాయాచిత్రములతో దినమునకు రెండు పర్యాయములు ఫోను ద్వారా పంపుటను 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేసిరి. వ్యక్తిగత లబ్ధిదారుల పనులకు మాత్రమే మినహాయింపు ఉండెను. మేటు చేతిలోని ఫోను ఎండకు వేడెక్కి నిలిచిపోయినచో, ప్రొద్దుటినుండి గునపము పట్టి మట్టి త్రవ్వినవాని కూలికే చిక్కు వచ్చెడిది. పథకముల పేర్లు మారవచ్చును, పద్ధతులు మారవచ్చును. పనికి సాక్ష్యము ఫోనునుండి పోవుట మాత్రము నానాటికి హెచ్చుచున్నదే గాని తగ్గుట లేదు. కావున పంచాయతీ సొమ్ముతో ఫోను కొనుటకు ముందు దాని మంచిచెడ్డలు విచారించు విధమును సభ్యులకు వివరింపదలచితిమి.

అంగడిలో సుమారు 15 వేల రూపాయలనుండి 40 వేల రూపాయలవరకు వెలగల ఫోనులను మధ్యరకము అనుచున్నారు. ఉదాహరణముగా శాంసంగ్ కంపెనీ వారు 2023 మార్చిలో మన దేశమున విడుదల చేసిన గెలాక్సీ ఎ54 అను ఫోనును తీసికొందము. 8 జీబీల ర్యాము, 128 జీబీల నిల్వగల దానికి నాటి వెల 38,999 రూపాయలు. అనగా మధ్యరకములో పై అంచుది. దీనిని కొనుడని గాని, కొనవద్దని గాని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఈ తరగతి ఫోనుల గుణములును, లోపములును దీనియందు స్పష్టముగా కానవచ్చును గనుక గ్రహించితిమి.

మొదట తెర. 6.4 అంగుళముల ఈ తెర మిట్టమధ్యాహ్నపు ఎండలోను అక్షరములు కనబడునంత వెలుగు నీయగలదు. చెరువుగట్టుపై నిలిచి పేర్లు చదువవలసినవానికి ఇది పెద్ద సదుపాయము. కాని ఇచ్చటనే ఒక మెలిక కలదు. ఈ ఫోనును 0 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో వాడవలెనని తయారీదారులే చెప్పుచున్నారు. మన రెంటచింతలలోను, రామగుండములోను మే మాసమున నీడపట్టుననే 40 డిగ్రీలు దాటు దినములు ఎన్ని యుండునో సభ్యులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. వేడి మితిమీరినప్పుడు ఫోను తన్ను తాను కాపాడుకొనుటకు తెర వెలుగును తగ్గించుకొనును, ఛార్జింగును నిలిపివేయును, కెమెరాను కూడ మూసివేయవచ్చును. వెలుగు అక్కరపడిన వేళనే అది తగ్గునన్న మాట. ఇది ఒక్క కంపెనీ లోపము కాదు. అన్ని ఫోనులకును ఉన్నదే. పనిచోట ఫోనును ఎండలో రాతిపై ఉంచక, తడిగుడ్డలో చుట్టక, చెట్టునీడను ఒక గుడ్డసంచిలో ఉంచినచో చాలవరకు బాధ తప్పును.

నీటి విషయములో ఈ ఫోనుకు మంచి పేరు కలదు. దానిపై ఐపీ67 అను గుర్తు ఉన్నది. మొదటి అంకెయైన 6 దుమ్ము లోనికి పోదనుటకును, రెండవదియైన 7 ఒక మీటరు లోతు నీటిలో అరగంటవరకు ఉన్నను చెడదనుటకును సూచనలు. చాలకాలము ఈ రక్షణ మిక్కిలి ఖరీదైన ఫోనులకే పరిమితమై యుండెను. మధ్యరకమునకు అది దిగివచ్చుట వానలో తిరుగువారికి నిజముగా మేలు. అయినను ఆ పరీక్ష మంచినీటిలో జరిగినది. సబ్బునీటికి, రొయ్యల చెరువుల ఉప్పునీటికి, ఎరువు కలిసిన మడినీటికి అది వర్తింపదు. పైగా ఒకసారి క్రిందపడి అంచు చిట్లినను, బయటి మెకానిక్కు ఒకసారి వెనుక పలక ఊడదీసినను ఆ రక్షణను నమ్మరాదు. నీరు పోయి చెడిన ఫోనుకు వారంటీ వర్తింపదనుట ఈ వర్తకములో సాధారణము. ఈ ఫోనుకు ముందువెనుకల రెండు ప్రక్కలను గాజే గనుక ఐదువందల రూపాయల లోపు తొడుగొకటి ఫోనుతోపాటే కొనుట వివేకము. పగిలిన తెర మార్చుటకు ఎంత అగునో, ఆ పని చేయు అధికారిక సేవాకేంద్రము ఏ పట్టణమున ఉన్నదో కొనకముందే అడుగవలయును. ఈ ప్రశ్న అడుగువారు తక్కువ. అడిగినచో దుకాణదారుడు కూడ ఒక్కక్షణము తడబడును.

బ్యాటరీ 5000 మిల్లీఆంపియరు గంటలది. సామాన్యపు వాడుకకు దినమంతయు వచ్చును. ఛార్జింగు వేగము మాత్రము 25 వాట్లే గనుక నిండుటకు గంటకు పైగా పట్టును. ఇదే ధరలో అంతకు రెండింతలు, మూడింతలు వేగముగలవి ఇతర కంపెనీలు అమ్మినవి. కరెంటు వచ్చిపోవు గ్రామములలో ఈ లోపమును గణింపవలయును. మరియొక సంగతి: పెట్టెలో తీగ మాత్రమే యుండును, ఛార్జరు ఉండదు. అది వేరుగా కొనవలయును గాన ధరలో చేర్చి లెక్క వేయవలయును.

బ్యాటరీ ఎంతకాలము మన్నును అను ప్రశ్నకు పెట్టెమీద సమాధానము దొరకదు. యూరోపియను యూనియను వారు 2025 జూన్ 20 నుండి తమ అంగడిలోనికి వచ్చు ఫోనుల బ్యాటరీలు 800 పర్యాయములు నింపి వాడిన తరువాతను కనీసము 80 శాతము శక్తి నిలుపుకొనవలెనని నియమము చేసినారు. ఆ నియమము మన దేశమునకు వర్తింపదు, మన ఉదాహరణపు ఫోను అంతకు ముందుదే. కాని కొలతబద్దగా పనికివచ్చును. దినమునకొకసారి నింపువారికి 800 పర్యాయములనగా రెండు సంవత్సరముల రెండు నెలలు. అప్పటికి 5000 అను అంకె 4000 అగును. వేడిమిలో ఇంకను త్వరగా తగ్గును. ఛార్జింగును 80 లేక 85 శాతము వద్ద నిలుపు ఏర్పాటు ఈ ఫోనులలోనే యున్నది. రాత్రి అంతయు ఛార్జింగులో పెట్టి నిద్రించువారు దానిని అమర్చుకొనుట మేలు.

కెమెరా దగ్గర పెట్టెమీది అంకెలకు మోసపోవుట మిక్కిలి సులభము. దీని ముఖ్య కెమెరా 50 మెగాపిక్సెళ్లది అందురు. కాని సామాన్యముగా అది నాలుగేసి చుక్కలను ఒక్కటిగా కలిపి సుమారు 12 మెగాపిక్సెళ్ల చిత్రమునే ఇచ్చును. ఇది లోపము కాదు, మసకవెలుగులో చిత్రము శుభ్రముగా వచ్చుటకు చేసిన యుక్తి. నిజమైన బలము వేరొకటి కలదు. చేయి వణకినను కటకము తానే సర్దుకొను ఏర్పాటు దీనికున్నది. సాయంకాలమున, ఆయాసముతో గట్టెక్కి వచ్చి తీసిన చిత్రములో సైతము ముఖములు గుర్తింపవచ్చును. వెనుక మూడు కెమెరాలు ఉన్నవిగదా యని సంతోషించువారు, మూడవది మిక్కిలి దగ్గరి వస్తువులకై పెట్టిన 5 మెగాపిక్సెళ్లదని తెలిసికొనవలయును. పువ్వులను, చీమలను తీయువారికి తప్ప అది లెక్క పెంచుటకే యున్నదని మా అభిప్రాయము. దూరపు వస్తువును దగ్గరగా తీయు కటకము దీనికి లేదు. పంచాయతీ పనికి దానితో అవసరము తక్కువ. స్థలపు గుర్తు సరిగా పడుటకు కెమెరాకంటె ఆకాశము ముఖ్యము. గుబురు చెట్లక్రింద గాని, రేకుల కప్పుక్రింద గాని తీసిన చిత్రము ప్రక్కచేను గుర్తుతో పోవచ్చును. ఆరుబయట అరనిమిషము నిలిచి తీయవలయునని మేట్లకు చెప్పుడు.

ర్యాము, ప్రాసెసరు గురించి చెప్పవలసినది కొద్దియే. లెక్కలు, చిత్రములు, వీడియో సమావేశములు ఈ ఫోను బాగుగనే నడపును. భారీ ఆటలకు మాత్రము వెనుకబడును. అది పంచాయతీకి నష్టము కాదు, కొందరికి లాభమే. అయితే 8 జీబీలకు మరి 8 చేర్చి 16 అని ప్రకటించు వర్తకుల మాట నమ్మరాదు. ఆ చేర్చినది అసలు ర్యాము కాదు. నిల్వలోని కొంత భాగమును ర్యామువలె వాడుకొనుట మాత్రమే. గాదెలో మూల నొకటి ఖాళీచేసి దానిని కల్లమని పిలిచినట్లుండును.

గడువు అసలు మాట

ఇక మేము అన్నిటికంటె ముఖ్యముగా భావించు విషయము చెప్పెదము. ఫోనును నడపు సాఫ్టువేరులో తరచుగా లోపములు బయటపడుచుండును. దొంగలు ఆ సందులలో దూరకుండ కంపెనీలు ఎప్పటికప్పుడు సవరణలు పంపుచుండును. పంచాయతీ నిధుల వివరములు, బ్యాంకుల రహస్య సంఖ్యలు, గ్రామస్థుల ఆధారు చిత్రములు ఉన్న ఫోనుకు ఆ సవరణలు ఆగిపోవుట తలుపు గడియ ఊడుట వంటిది. పైకి ఫోను నిగనిగలాడుచునే యుండును. గెలాక్సీ ఎ54కు నాలుగు తరముల ఆండ్రాయిడు మార్పులును, ఐదేండ్ల రక్షణ సవరణలును ఇత్తుమని కంపెనీ మాట యిచ్చినది. నాడు ఈ తరగతిలో అది మంచి వాగ్దానమే. కాని ఆ ఐదేండ్లు ఫోను విడుదలయైన 2023 నుండి లెక్క, మనము కొనిన నాటినుండి కాదు. కావున అవి 2028తో ముగియును. తక్కువ ధరకు వచ్చినదని పాత సరకును కొన్నవారు మిగిలిన ఏండ్లకు మాత్రమే యజమానులగుదురు. తగ్గించిన ధరను మిగిలిన ఏండ్లతో భాగించి చూచినచో చౌక అనుకొన్నది ప్రియమని తేలవచ్చును.

ఇదే వరుసలో 2025 మార్చిలో వచ్చిన ఎ56కు ఆరేండ్ల సవరణలు ఇత్తుమనిరి; ఛార్జింగు వేగము 45 వాట్లకు పెంచిరి. అంతవరకు బాగున్నది. కాని ఎ54లో నున్న మెమరీ కార్డు చోటును తీసివేసిరి. పట్టణపు వినియోగదారునకు ఇది పట్టకపోవచ్చును. గ్రామసభల వీడియోలు, పనుల చిత్రములు సంవత్సరముల తరబడి దాచి, ఆడిటు వచ్చినప్పుడు చూపవలసిన పంచాయతీకి పట్టును. ఒక పనికి బలమైనది మరియొక పనికి బలహీనత యగుట ఇట్టిచోట్లనే కనబడును. కొత్తది వచ్చినదని పాతదానికంటె అన్నివిధముల మేలని తలపరాదు.

కొనుటకు ముందును, తరువాతను

సిగ్నలు పరీక్ష దుకాణములో జరుగదు. పట్టణమున ప్రతి ఫోనుకును సిగ్నలు నిండుగనే యుండును. మన దేశమున 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమైనను మీ ఊరికి అవి చేరియుండకపోవచ్చును; బి.ఎస్.ఎన్.ఎల్. వారి స్వదేశీ 4జీ 2025 సెప్టెంబరు 27న ప్రారంభమైనది. అదే నమూనా ఫోను ఊరిలో ఎవరియొద్దనైన ఉన్నచో ఒక పూట అడిగి తీసికొని, పంచాయతీ సిమ్ కార్డు వేసి, ఊరి చివరి వాడలోను, శ్మశానపు బాటలోను, చెరువు అలుగువద్దను చూచుట ఉత్తమము. ఫోనులనుండి వెలువడు తరంగముల గురించి గ్రామస్థులు అడుగుచుందురు. మన దేశమున 2012 సెప్టెంబరు 1 నుండి దానికి కిలోగ్రామునకు 1.6 వాట్ల పరిమితి యున్నది. *#07# అని నొక్కినచో ఆ ఫోను అంకె తెరపై వచ్చును.

బిల్లులో 18 శాతము జీఎస్టీ కనబడవలయును. *#06# నొక్కినచో 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య వచ్చును. అది బిల్లుమీద, పెట్టెమీద, తెరమీద ఒక్కటిగా ఉండవలయును. ఆంగ్లాక్షరములలో కె, వై, ఎం అని వ్రాసి, కొంచెము ఖాళీ విడిచి, ఆ సంఖ్యను వ్రాసి 14422కు సందేశము పంపినచో అది ఏ కంపెనీ ఏ నమూనాదో తిరుగు సందేశము వచ్చును. ఫోను పోయినచో 2023 మే మాసమున ప్రారంభమైన సంచార్ సాథీ ద్వారా దానిని ఎవరును వాడకుండ కట్టివేయించవచ్చును. అప్పుడును ఈ సంఖ్యయే కావలయును. కనుక స్టాకు రిజిస్టరులో ఫోను పేరు, ధరలతో పాటు ఐఎంఈఐ సంఖ్యను, సవరణలు ముగియు సంవత్సరమును వ్రాయించుడు.

చివరగా ఒక చిక్కు. కార్యదర్శి తన స్వంత గూగుల్ ఖాతాతో ఫోనును తెరచి, బదిలీయైనప్పుడు ఆ ఖాతాను తీసివేయకయే అప్పగించి పోవుట కలదు. తరువాత వచ్చినవారు ఫోనును తుడిచి కొత్తగా ప్రారంభింపబోగా పాత ఖాతా రహస్యపదము అడిగి అది ముందుకు కదలదు. ఈ తాళము దొంగలకై ఏర్పరచినది, పంచాయతీకే పడుచున్నది. కార్యాలయపు పేరున ఒక ఖాతా తెరచి ఫోనును దానితోనే నడిపించవలయును. అట్లు చేయని చోట, బదిలీ ఉత్తర్వు వచ్చిన దినముననే, ఆ ఉద్యోగి ఊరిలో ఉండగనే, చిత్రములను కార్డులోనికి ఎక్కించి, ఖాతాను తొలగించి, అప్పగింత జాబితాలో ఇరువురి సంతకములు తీసికొనవలయును.