'యాక్సెప్ట్ ఆల్' నొక్కితే సమ్మతి ఇచ్చినట్టేనా?

స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఏ నెట్ సెంటర్ దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. ఏదో ఒక వెబ్‌సైట్ తెరవగానే కింద ఇంగ్లీషులో ఒక పట్టీ వస్తుంది. దాన్ని చదివేవాళ్లుండరు. రంగులో మెరిసే 'యాక్సెప్ట్ ఆల్' నొక్కేసి ముందుకు పోతారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను.

కుకీ అంటే వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారపు ముక్క. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీర్ లూ మాంటుల్లి దీన్ని తయారుచేశాడు. ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతి పేజీలో మళ్లీ పాస్‌వర్డ్ అడగకపోవడం దీనివల్లే. అది అవసరమే. చిక్కంతా థర్డ్ పార్టీ కుకీలతో. వార్తల సైట్‌లో, ఉద్యోగాల సైట్‌లో, పెళ్లి సంబంధాల సైట్‌లో ఒకే ప్రకటనల కంపెనీ కుకీ ఉంటే, మూడు చోట్లా తిరిగింది ఒకే మనిషని దానికి తెలిసిపోతుంది.

దీంతో మనకేంటి అంటారా? ఇక్కడ కులం ఎవరూ అడగనక్కర్లేదు. ఎస్సీ స్కాలర్‌షిప్ కోసం వెతికింది, అట్రాసిటీ చట్టం గురించి చదివింది, అంబేద్కర్ ప్రసంగాలు విన్నది కలిపి చూస్తే ఊహించడం కష్టం కాదు. ఊళ్లో ఏ వాడ అని అడిగి కులం తేల్చుకున్నట్టే ఇది. ఆ ఊహ తప్పయినా, వేసిన ముద్ర మనకు కనబడదు, చెరపలేం.

మరి చట్టం ఏం చేస్తోంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2018 నాటి జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా, 2019 బిల్లు రెండూ 'కులం లేదా తెగ'ను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చేసరికి ఆ వర్గమే మాయమైంది. ఇప్పుడు చట్టం దృష్టిలో మన కులమూ, మన ఫోన్ నంబరూ ఒకటే.

అయినా ఈ చట్టంలో మనం పట్టుకోవాల్సినవి ఉన్నాయి. సెక్షన్ 6 ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఆ నోటీసును ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనూ, చదువుకునే అవకాశం ఇవ్వాలి. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, 2027 మే నుంచి అమలవుతాయి.

అడిగితే వస్తుందనడానికి యూరప్ ఉదాహరణ ఉంది. కుకీలను ఒప్పుకున్నంత తేలిగ్గా కాదనే వీలు ఇవ్వలేదని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి ఇవి:

క్రోమ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, సైట్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలను బ్లాక్ చేయండి. లాగిన్లు మామూలుగా పనిచేస్తాయి. ఎక్కడైనా ఆగితే ఆ ఒక్క సైట్‌కు అనుమతివ్వండి.

ఫైర్‌ఫాక్స్, సఫారీ థర్డ్ పార్టీ ట్రాకింగ్‌ను ముందే చాలావరకు అడ్డుకుంటాయి.

పట్టీలో 'రిజెక్ట్' లేకపోతే 'మేనేజ్' లేదా 'సెట్టింగ్స్' లోపల వెతకండి.

నెట్ సెంటర్‌లో ఇన్‌కాగ్నిటో విండో వాడండి. పని కాగానే లాగవుట్ చేసి అన్ని విండోలూ మూసేయండి. అయితే మీరు చూసే సైట్ నుంచి ఇన్‌కాగ్నిటో మిమ్మల్ని దాచదు.

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో, ప్రైవసీ కింద ప్రకటనల ఐడీని తొలగించండి. యాప్‌లు ట్రాక్ చేసేది ఎక్కువగా దాంతోనే.

వీటితో జాడ తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. సెట్టింగ్స్ తెలిసినవాడికే రక్షణ దక్కితే అది హక్కు కాదు. కాబట్టి చట్టంలో కులాన్ని మళ్లీ సున్నితమైన సమాచారంగా చేర్చాలనీ, కాదనే బటన్ తెలుగులో ఎదురుగా ఉండాలనీ మన సంఘాలు ఇప్పుడే అడగాలి.