బండి ఇంజను ఆయిలును ఇంటియొద్దనే మార్చుకొనుట

మన సంఘ సభ్యులలో ఒకప్పుడు రెండెడ్ల బండిపై సంతకు బోయిన కుటుంబములవారు నేడు బొలెరోలను, స్కార్పియోలను నడుపుచున్నారు. విత్తనపు మూటలు, ఎరువు బస్తాలు, పెండ్లివారు, ఆసుపత్రికి బోవు ముసలివారు, అందరికిని ఆ బండియే ఆధారము. ఎడ్లబండి కాలమున ఇరుసునకు కందెన ఎప్పుడు పెట్టవలెనో ప్రతి రైతునకును దెలియును. ఆ పనికై కమ్మరిని బిలిచినవా డెవ్వడును లేడు. ఇంజను ఆయిలు మార్చుటయు ఇంచుమించు అట్టి పనియే. పట్టణపు షెడ్డునకు బండిని గొనిపోయి, పూటంతయు గూర్చుండి, కూలి యిచ్చి, పోసిన ఆయిలు ఏదియో యెరుగకయే తిరిగి వచ్చుటకంటె, ఓపిక గలవారు దీనిని ఇంటియొద్దనే చేసికొనుట మేలని మా యభిప్రాయము. వారంటీ గడువు తీరని బండి గలవారు మాత్రము ముందుగా అందలి షరతులను చదువుకొనవలెను.

ఇంజనులోని లోహభాగములు ఒకదానితో నొకటి రాచుకొనకుండ నడుమ పలుచని పొరగా నిలుచునది ఆయిలు. అది రాపిడిని దగ్గించుటయే గాక వేడిని గొనిపోవును. మసిని, అరిగిన లోహపు పొడిని తనలో నిలుపుకొని ఫిల్టరునకు జేర్చును. కావుననే డీసెలు ఇంజనులో క్రొత్త ఆయిలు సైతము కొలదికాలములోనే నల్లబడును. ఆ నలుపును జూచి ఆయిలు చెడిపోయినదని కలవరపడ నక్కరలేదు. నిజముగా చెడుట కంటికి గనబడదు. మసిని పట్టియుంచుటకును, ఆమ్లములను విరుచుటకును ఆయిలులో గలిపిన మందులు క్రమముగా ఖర్చయిపోవును. ఆ పిమ్మట ఆయిలు చిక్కబడి, బురదవలె పేరుకొని, సన్నని దారులను మూయును. అందుచేతనే మార్పుగడువును రంగునుబట్టి గాక కిలోమీటర్లనుబట్టియు, నెలలనుబట్టియు ఏర్పరచిరి. రెంటిలో ఏది ముందు వచ్చిన దానినే పాటింపవలెను. దుమ్ముబాటలలో, బరువుతో, కొద్దికొద్ది దూరములు తిరుగు బండ్లకు ఇంతకంటె తక్కువ గడువును బండితో నిచ్చిన పుస్తకములో వేరుగా జూపుదురు. మన బండ్లు చాలవరకు ఆ తరగతిలోనివే.

అయితే రెండు గుర్తులను మాత్రము ఉపేక్షింపరాదు. ఆయిలు పాలు గలిసిన కాఫీవలె కనబడినచో లోపల నీరు చేరినదని యనుమానింపవలెను; ఆయిలు మార్చినంతమాత్రమున ఆ జబ్బు కుదురదు, మెకానిక్కుకు జూపవలసినదే. ఆయిలు మట్టము తగ్గుటకు బదులు పెరుగుచు, కడ్డీకి డీసెలు వాసన తగులుచున్నను ఆలస్యము చేయరాదు. డీసెలు గలిసి పలుచబడిన ఆయిలు భారమును మోయజాలదు.

ఇక ఏ ఆయిలు కొనవలెను? డబ్బాపై 15డబ్ల్యు-40 అనియో, 5డబ్ల్యు-30 అనియో వ్రాసియుండును. మొదటి అంకె చలిలో ఆయిలు ఎట్లు పారునో తెలుపును. రెండవది ఇంజను పూర్తిగా వేడెక్కినప్పుడు ఆయిలు చిక్కదనమును తెలుపును. మనప్రాంతమున మంచు కురియదు గనుక మొదటి అంకెనుగూర్చి భయము లేదు గాని, పుస్తకములో చెప్పిన జాతిని మార్చు స్వతంత్రము మనకు లేదు. ముఖ్యముగా 2020 ఏప్రిల్ 1 మొదలు భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిమ్మట, డీసెలు బండ్లలో అనేకమునకు పొగ వెడలు దారిలో మసిని బట్టు జల్లెడ అమర్చబడినది. దీనిని డిపిఎఫ్ అందురు. మసిని ఆ జల్లెడ తనంతట కాల్చుకొనును. ఆయిలునుండి వచ్చు బూడిదను మాత్రము కాల్చజాలదు. అట్టి బండ్లకు బూడిద తక్కువగా మిగుల్చు ఆయిలునే వాడవలెను. పాతబండికి సరిపడు చవక ఆయిలును క్రొత్తబండిలో పోసి రూపాయలు మిగిల్చినవారు, పిదప జల్లెడ మూసికొనిపోగా అంతకు అనేక రెట్లు చెల్లింపవలసి వచ్చును. ట్రాక్టరు వెనుకభాగమున గేర్లకును, హైడ్రాలిక్కునకును పోయు ఆయిలు ఇంటిలో మిగిలియున్నదని దానిని ఇంజనులో పోయుటయు తప్పే; అది వేరుజాతి.

మంచి కంపెనీల పాత డబ్బాలలో కల్తీ ఆయిలు నింపి అమ్ము మోసగాండ్రు కలరు. కావున సీలు చూచి, బిల్లు తీసికొని కొనవలెను. ఖాళీ డబ్బాను పాతసామానువానికి మూతతోసహా అమ్మువారు ఆ మోసమునకు తామే సాయపడుచున్నారు. దానిని ఉంచుకొనుడు, పని తరువాత దానితో నక్కర కలదు.

ఈ పనిలో ప్రాణభయము గలది బండి క్రిందికి దూరుటయే. బండిని చదునైన గట్టినేలపై నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో నుంచి, చక్రములకు ముందువెనుకల కొయ్యదిమ్మెలు అడ్డుపెట్టి, తాళముచెవిని తన జేబులో నుంచుకొనవలెను. ఈ బండ్లు నేలకు ఎత్తుగా నుండుటచేత చాలవాటికి ఎత్తనక్కరలేకయే చేయి చేరును. ఎత్తక తప్పనిచో ఇనుప స్టాండ్లపై నిలుపవలెను గాని జాకీని నమ్మరాదు. జాకీ చక్రము మార్చుటకు మాత్రమే. ఇటుకలు, రాళ్లు బరువునకు ఒక్కసారిగా పగులును. ఒక్క నిమిషపు పనియేగదా యని జాకీపై నున్న బండి క్రిందికి తల దూర్చువారికి మేము వినయముతో గాక గట్టిగానే చెప్పుచున్నాము, దూర్చవలదు.

ఇంజనును కొలదినిమిషములు నడిపి ఆపి, పది పదునైదు నిమిషములు ఆరనీయవలెను. గోరువెచ్చని ఆయిలు సులభముగా పారి మడ్డిని గూడ వెంట తెచ్చును. మరిగిన ఆయిలు చేతిని కాల్చును. పైన ఆయిలు పోయు మూత సులువుగా వచ్చునో లేదో ముందే చూచికొనవలెను. ఉన్న ఆయిలు తీసివేసిన పిమ్మట మూత రాకపోయిన, బండి కదలదు. తరువాత చాంబరు అడుగున నున్న డ్రెయిన్ బోల్టును గుర్తింపవలెను. గేరుపెట్టెకును ఇట్టి బోల్టే యుండును. ఒకదానికి బదులు మరియొకటి విప్పి, గేరుపెట్టెను ఖాళీచేసి, ఇంజనులో రెట్టింపు ఆయిలు పోసికొనుట క్రొత్తవారు చేయదగిన పొరపాటే. పుస్తకములోని బొమ్మను బోల్టుతో సరిచూచిన పిమ్మటనే పానా పెట్టుడు.

చేతికి తొడుగులు వేసికొని, వెడల్పయిన బేసినును క్రింద నుంచి, బోల్టును గడియారపు ముల్లునకు ఎదురుదిశగా విప్పవలెను. ఆయిలు మొదట దూరముగా చిమ్మి, తగ్గినకొలది నిట్టనిలువుగా పడును. బేసినును దానికి తగినట్లు జరుపుకొనవలెను. చుక్కచుక్కగా పడు వరకు ఓర్మితో నుండవలెను. బోల్టును తుడిచి, దాని క్రింది రేకు వాషరును మార్చి, మొదట చేతితోనే త్రిప్పి మర సరిగా పట్టిన పిమ్మట పానాతో బిగింపవలెను. రైతుల చేతులు బలమైనవి. ఇచ్చట ఆ బలము పనికిరాదు. చాంబరు అల్యూమినియముతో జేసినదైనచో అతిబిగింపువలన మర తెగిపోవును. బిగింపు ఎంతయుండవలెనో పుస్తకములో న్యూటన్ మీటర్లలో నిచ్చియుందురు. దానిని కొలుచు పానా సంఘమున ఒక్కటి యున్నను ఊరంతటికి చాలును.

ఫిల్టరు విషయమై మేము చేసిన తప్పును దాచుకొనుటలో లాభము లేదు. మొదటిసారి ఈ పని చేసినప్పుడు మేము పాత ఫిల్టరును విప్పి, క్రొత్తదానిని బిగించి, ఇంజనును నడిపితిమి. అరనిమిషములో ఆయిలంతయు నేలపాలయ్యెను. చూడగా పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే యంటుకొని యుండగా, దానిపై క్రొత్త రింగును గూడ బిగించియుంటిమి. రెండు రింగులు ఒకదానిపై నొకటి నిలువవు. మరికొంత సేపు గమనింపకుండినచో ఇంజను పట్టివేసెడిది. కాబట్టి పాత ఫిల్టరు చేతికి రాగానే దాని రింగు దానితో వచ్చినదా యని చూచి, కూర్చుండు చోటును గుడ్డతో తుడువవలెను. క్రొత్త రింగునకు కొంచెము క్రొత్త ఆయిలు రాచి, చేతితో బిగించి, రింగు ఆనిన పిమ్మట ఫిల్టరుపై చెప్పినంత మేరకే త్రిప్పవలెను. సాధారణముగా అది ముప్పాతిక చుట్టు. లోపలి కాగితపు భాగమును మాత్రమే మార్చు రకమైనచో పెట్టెలో వచ్చిన రింగులన్నిటిని విడువక మార్చవలెను.

పోయునప్పుడు పుస్తకము చెప్పిన కొలతకంటె కొంచెము తక్కువగా పోసి, ఇంజనును నిమిషముసేపు నడిపి, ఆయిలు దీపము ఆరినదా యని చూచి, ఆపి, అయిదు పది నిమిషముల తరువాత కడ్డీతో మట్టము చూడవలెను. రెండు గీతల నడుమ, పై గీతకు దగ్గరగా నుండిన చాలును. ఎక్కువ పోసిన మంచిదనుకొనుట భ్రమ. మట్టము మీరిన ఆయిలును లోపల తిరుగు ఇరుసు చిలికి నురుగు చేయును. నురుగు ఇంజనును కాపాడదు. బోల్టు యొద్దను, ఫిల్టరు యొద్దను తడి లేదని చూచికొని, మరునాడు ఉదయము మరల చూడవలెను.

ఇప్పుడు బేసినులోని నల్లని ఆయిలు మాట. బావిప్రక్కనో, పంటకాలువలోనో దానిని పారబోయుట మేము చూచుచునే యున్నాము. కంచె గుంజలకు పూయుట, ఎడ్ల పుండ్లకు రాచుట గూడ కలదు. పుండ్లకు రాచుట మానవలెను. అందు మసితోపాటు లోహపు పొడియు, కేన్సరును గలుగజేయు పదార్థములును ఉండును. చర్మమునకు తరచుగా తగులుట మనుష్యునికే మంచిది కాదు, పశువు దానిని నాకును గూడ. ఆయిలు నీటిలో కరుగదు. పైన పొరగా పరచుకొని నీటికి గాలి తగులనీయదు. మన బావులు, మన చేపల చెరువులు మన యూరివే గదా.

వాడిన ఆయిలు వ్యర్థపదార్థము కాదు. శుద్ధిచేసిన మరల ఆయిలగును. 2016 సంవత్సరపు హానికర వ్యర్థముల నియమముల ప్రకారము దీనిని అనుమతి పొందినవారికే యీయవలెను. ఆయిలు తయారుచేయు కంపెనీలు వాడిన ఆయిలులో కొంతభాగమును శుద్ధికి పంపించు బాధ్యత వహింపవలెనని 2024 ఏప్రిల్ 1 మొదలు నియమము కలదు. అనుమతి గలవారి వివరములను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలులను అడిగి తెలిసికొనవచ్చును. అయితే అయిదారు లీటర్లకై ఏ వ్యాపారియు ఒక్క రైతు గుమ్మమునకు రాడు. పీపా నిండిన, వచ్చును. సంఘపు గిడ్డంగి యొద్ద నీడలో, మూతగల పీపా నొకదానిని ఉంచుటనుగూర్చి రాబోవు సమావేశమున నిర్ణయింపవలెనని సభ్యులను కోరుచున్నాము. అందు నీరు, డీసెలు, బ్రేకు ఆయిలు, రేడియేటరు నీళ్లు కలుపరాదు. కలిపినచో పీపా మొత్తమును కొనువాడు తిరస్కరించును.

ఆ యేర్పాటు జరుగువరకు, క్రొత్త ఆయిలు వచ్చిన డబ్బాలోనే పాతదానిని గరాటుతో పోసి మూత బిగింపుడు. పాత ఫిల్టరును ఒక రాత్రి బేసినులో బోర్లించిన అందులోని ఆయిలు గూడ దిగును. డబ్బాపై పెద్ద అక్షరములతో ‘వాడిన ఆయిలు’ అని వ్రాసి, పిల్లలకును పశువులకును అందని చోట నుంచవలెను. పేరు వ్రాయనిచో ఇంటిలోని మరియొకరు క్రొత్తదే యనుకొని పంపు ఇంజనులో పోయగలరు.